ఆమె సంగతి యంతయు విన్న ప్రభువు

ధ్యాన భాగములు: మార్కు 5:21–34, యోహాను 5:1–9, మార్కు 2:1–5



ఏండ్ల తరబడి మానని నొప్పితో జీవించుచు, దానికి తగిన వైద్యము కొరకు చెప్పులరుగునట్లు తిరుగుచున్న మన సంఘస్థులను గూర్చి ఈ మాసము మీతో మాటలాడ గోరుచున్నాను. ఈ వర్తమానము నా తప్పిదముతోనే ఆరంభింపవలసి యున్నది. దానిని దాచి మంచి మాటలు మాత్రమే వ్రాసిన యెడల అవి ఎవరికిని మేలు చేయవు.

నేను సోలాపూరులో ఒక తెలుగు సంఘమునకు కాపరిగా ఉన్న దినములలో, ఒక సహోదరి ఆరాధనకు వచ్చి చాపమీద కూర్చొనక, తలుపు ప్రక్క గోడకు ఆనుకొని నిలువబడెడిది. ప్రసంగము నడుమ బయటికి పోయి, వాకిట కొంతసేపు అటు ఇటు నడిచి, మరల వచ్చెడిది. ఆశీర్వాదము వరకు ఆమె నిలిచిన ఆదివారములు బహు తక్కువ. భక్తిలో నిలకడ లేదని నేను తలంచితిని. ఒక ఆదివారము పీఠము మీదనుండి, "దేవుని సన్నిధిలో ఒక్క గంట కుదురుగా కూర్చోలేనివారు నిత్యత్వమంతా అక్కడ ఎలా ఉంటారు?" అని అడిగితిని. పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయెను. ముందు వరుసలోనివారు సైతము తల త్రిప్పి తలుపు వైపు చూచిరి.

తరువాతి ఆదివారము ఆమె రాలేదు. నాలుగు నెలలు రాలేదు. చివరకు స్త్రీల సమాజపు పెద్దమ్మగారొకరు, "అయ్యగారూ, మీరు ఒక్కసారి వాళ్ళింటికి రావాలి" అని నన్ను వెంటబెట్టుకొని పోయిరి. వెళ్లి చూచునప్పటికి ఆ సహోదరి నేలమీద ఒక ప్రక్కకు ఒత్తిగిలి పండుకొని యున్నది. బీడీ ఆకుల చేట గోడకు ఆనించి యున్నది. మమ్మును చూచి లేవబోయి, లేవలేక, మోచేతిమీద ఆనుకొని ఈ మాట చెప్పెను: "అయ్యగారూ, నాకు మందిరానికి రావొద్దని కాదు. కూసుంటే నడుములోంచి కాలిదాకా మంట. నిలబడితే తీపు. రాత్రయితే సలుపు. ఏడేండ్లయింది. మీరు ఆ మాట అన్నంక, దేవుడు కూడా నన్ను నమ్మడేమో అనుకున్న."

ప్రియులారా, నేను ఆ దినమున ఏమియు బదులు చెప్పలేకపోతిని. క్షమించుమని అడిగి, కూర్చుండి, వింటిని. అంతకు ముందు ఆమె చెప్పునది నేను ఎన్నడును వినలేదు.

ఆమె చెప్పిన కథ

పాలమూరు వైపునుండి కోడలిగా వచ్చి, ఇరువది ఆరు సంవత్సరములు బీడీలు చుట్టిన స్త్రీ ఆమె. చేట ఒడిలో పెట్టుకొని, మెడ వంచి, ఉదయమునుండి దీపాలవేళ వరకు కూర్చుండవలెను. వెయ్యి బీడీలు లెక్క కట్టిననే కూలి. అట్టి పనిలో నడుము పట్టుకొనుట వింత కాదు. ఆమెకు వింతయైనది ఆ తరువాత జరిగిన తిరుగుడే.

మొదట వీధిలోని మందుల దుకాణమువారు రంగురంగుల మాత్రల పొట్లములు కట్టి యిచ్చిరి. రెండేండ్లు వాటితో గడచెను. నొప్పితోపాటు కడుపులో మంట కూడ మొదలాయెను. తరువాత ఒక ఎముకల ఆసుపత్రిలో ఫోటో తీసి "పెద్దగా ఏమీ లేదు" అనిరి. మరియొకచోట స్కాను తీయించి ఆపరేషను చేయవలెననిరి. వేరొకచోట అది అక్కరలేదనిరి. కుమార్తె పెండ్లికని దాచిన గొలుసు తాకట్టులోనికి పోయెను. స్వస్థత కూడికలో ఒక ప్రసంగీకుడు మాత్రలు పారవేయుమనెను. పారవేసి, మూడు దినములు మంచము దిగలేకపోయెను. చివరకు ఒక పెద్ద ఆసుపత్రిలో చీటీ కొరకు తెల్లవారకమునుపే వరుసలో నిలువబడి, మధ్యాహ్నమునకు డాక్టరు ఎదుటికి చేరెను.

డాక్టరు మరాఠీలో "కుఠే దుఖతే?" అని అడిగెను. ఎక్కడ నొప్పి అని. ఆమెకు బజారులో బేరమాడునంత మరాఠీ వచ్చును గాని నొప్పి చెప్పుకొనునంత మరాఠీ రాదు. వెంట వచ్చినది బడి మాని వచ్చిన మనుమడు. ఆమె మంట అన్నను, తీపు అన్నను, సలుపు అన్నను, తిమ్మిరి అన్నను, ఆ పసివాడు అన్నిటికి ఒకటే మాట, "దుఖతే" అని చెప్పెను. నాలుగు సంగతులు ఒక సంగతి ఆయెను. మూత్రము పట్టులో తనకున్న ఇబ్బందిని ఆ పిల్లవాని ఎదుట ఆమె చెప్పనే లేదు. రెండు నిమిషములలో పాత మాత్రలే మరల వ్రాసి పంపివేసిరి.

ఈ కథ ఆమె ఒక్కరిదే అని తలంచకుడి. కోలారు బంగారు గనులు 2001లో మూతబడిన తరువాత, భూగర్భములో వంగి పనిచేసిన వృద్ధుల నడుములు నేటికిని నొచ్చుచున్నవి. బరంపురము, రాయగడ ప్రాంతములలోని మనవారు ఒడియాలో చెప్పుకొనలేక విశాఖపట్టణమునకు రైలెక్కుచుందురు. యానామువారు పుదుచ్చేరి ప్రభుత్వము క్రిందివారైనను ఆ రాజధాని వందల కిలోమీటర్ల దూరమున నున్నది. 2024లో యానాములోనే జిప్మెరువారి వైద్య విభాగము ప్రారంభింపబడినది గాని, అంతకు ముందు ఏండ్ల తరబడి కాకినాడ బస్సే వారికి ఆధారము. మాట వేరు, చిరునామా వేరు, కార్డు వేరు. వీటన్నిటి నడుమ నొప్పి మాత్రము ఒకటే.

1. త్వరపడు దారిలో ప్రభువు ఆగెను

ఇప్పుడు మార్కు సువార్త ఐదవ అధ్యాయమునకు రండి. సమాజమందిరపు అధికారియైన యాయీరు కుమార్తె చావసిద్ధముగా నున్నది. ప్రభువు ఆ యింటికి పోవుచున్నాడు. జనసమూహము ఆయనమీద పడుచున్నది. ఆ దారిలోనే పండ్రెండేండ్లనుండి రక్తస్రావముగల స్త్రీ వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రము ముట్టెను.

ఈ రెండు రోగములను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడి. ఆ చిన్నదాని వయస్సు పండ్రెండేండ్లు. ఈమె రోగము వయస్సు పండ్రెండేండ్లు. ఆ పిల్ల యింట పుట్టిన సంవత్సరముననే ఈ స్త్రీకి బాధ పుట్టినది. ఒకటి అత్యవసరము, గడియ ఆలస్యమైతే ప్రాణము పోవును. రెండవది పాతది, పండ్రెండేండ్లు ఓర్చుకొన్నది, ఇంకొక దినము ఓర్చుకొనలేదా అని ఎవరైనను అందురు. నేటి ఆసుపత్రులు కూడ అట్లే నడచుచున్నవి. గుండెపోటు వచ్చినవానికి తలుపులు తెరచుకొనును, అది న్యాయమే. ఏడేండ్ల నొప్పి గలవారికి మాత్రము, "తర్వాత రండి" అను మాటయే ఔషధమగుచున్నది. సంఘములో కూడ అంతే. ఆపరేషను చేయించుకొన్నవారి మంచమునొద్దకు పండ్లు తీసికొని అందరము పోవుదుము. నొప్పితో మూడవ సంవత్సరములోనికి వచ్చినవారిని విజ్ఞాపన పట్టికలోనుండి మెల్లగా తీసివేయుదుము.

ప్రభువు ఆగెను. తన్ను ముట్టినదెవరని అడిగెను. శిష్యులకు అది వింతగా తోచెను. యాయీరు గుండె ఎంత కొట్టుకొనియుండునో! అయినను ఆయన నిలిచి చుట్టు చూచెను. అప్పటికే ఆమె శరీరము బాగుపడినది. రోగము నయము చేయుటయే ఆయన పనియైన యెడల ఆగవలసిన అవసరము లేదు. నయమైన తరువాత కూడ ఆయన ఆగెను. ఎందుకు? ఆమె మాట వినవలెను గనుక. యాయీరు కుమార్తె ఆ ఆలస్యము వలన నష్టపోలేదని అధ్యాయపు చివరి భాగము చెప్పుచున్నది. దీర్ఘరోగికి సమయమిచ్చుట వేరొకరి సమయమును దొంగిలించుట కాదు.

2. సత్యమంతయు చెప్పనిచ్చెను

ముప్పది మూడవ వచనములో ఆమె భయపడి, వణకుచు, ఆయన ఎదుట సాగిలపడి, తన సంగతి యంతయు చెప్పుకొన్నదని మార్కు వ్రాయుచున్నాడు. ఆ "అంతయు" అను మాటను గమనించుడి. పండ్రెండేండ్ల కథ రెండు నిమిషములలో అయిపోదు. ఎందరో వైద్యులచేత ఆమె పడిన పాట్లు, ఖర్చయిన ఆస్తి, మేలుకు బదులు ఎక్కువైన సంకటము, ధర్మశాస్త్రము ప్రకారము అపవిత్రురాలనిపించుకొన్న ఒంటరితనము, ఇవన్నియు ఆమె చెప్పుకొనియుండును. ప్రభువు నడుమ అడ్డు తగలలేదు. ముగించిన తరువాత "కుమారీ" అని పిలిచెను.

వైద్యులను నిందించుటకు ఈ మాట వ్రాయుట లేదు. వైద్యుడైన లూకా ఇదే కథ చెప్పునప్పుడు ఆ వైద్యుల సంగతి అంత కఠినముగా వ్రాయలేదు. వారికిని రోగుల వరుసలు పెద్దవి, సమయము చిన్నది. అయితే నొప్పి విషయములో నమ్మి వినుటయే వైద్యమునకు మొదటి మెట్టు అని నేడు వైద్యశాస్త్రమే ఒప్పుకొనుచున్నది. నొప్పిని గూర్చి పరిశోధించు అంతర్జాతీయ వైద్యసంఘము 2020లో నొప్పికి తన నిర్వచనమును సవరించుచు, నాకు నొప్పిగా నున్నదని ఒకరు చెప్పినప్పుడు ఆ మాటను గౌరవింపవలెనని దానితోపాటు చేర్చెను. మూడు నెలలు మించి యుండు నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోనికి తెచ్చిన రోగముల పట్టికలో దానికి ప్రత్యేకమైన స్థానమే కలదు. స్కానులో కనబడలేదు గనుక నొప్పి లేదనుట తప్పు.

వేలూరు వైద్యకళాశాలలో కుష్ఠురోగులకు సేవచేసిన డాక్టరు పాల్ బ్రాండు గారిని మీలో పెద్దలు ఎరుగుదురు. తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీల కుమారుడుగా 1914లో పుట్టిన ఆయన, ఆ రోగుల వ్రేళ్లు పాడగుటకు గల కారణము నొప్పి తెలియకపోవుటయేనని చూపెను. నొప్పి దేవుడు పెట్టిన కాపలాదారు అని ఆయన నేర్పెను. అది నిజమే. అయితే దీర్ఘకాలిక నొప్పిలో జరుగునది వేరు. ఆరాధన ముగిసి అందరు వెళ్లిపోయిన తరువాత కూడ త్రాడు చిక్కుపడి మ్రోగుచునే యుండు మందిరపు గంటవంటిది అది. గాయము మానినను నరములు హెచ్చరిక మానవు. అట్టివారితో, "నొప్పి మంచిదే, దేవుడు నేర్పుచున్నాడు" అనుట పుండుమీద కారము చల్లుటయే.

లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆశ్రమాసుపత్రిని స్థాపించిన సిసిలీ సాండర్స్ అను విశ్వాసురాలు మొదట నర్సుగాను, తరువాత సాంఘిక సేవకురాలుగాను, ఆపైన డాక్టరుగాను పనిచేసెను. మరణమునకు దగ్గరైన రోగుల మాటలు విని విని ఆమె తెలిసికొన్నది ఏమనగా, నొప్పి శరీరములో మాత్రమే యుండదు. మనస్సులోను, ఇంటి పరిస్థితులలోను, ఆత్మలోను కలిసి యుండును. నాలుగింటిని చూడనిదే ఉపశమనము రాదు. సోలాపూరు సహోదరిని ఇప్పుడు తలంచుకొనుడి. నరములలో మంట శరీరపు భాగము. నిద్రలేని రాత్రులు మనస్సు భాగము. తాకట్టులోని గొలుసు ఇంటి భాగము. నాలుగవ భాగమైన ఆత్మ వేదనను కలిపినవాడను నేను.

3. దించువారెవరు?

యోహాను సువార్త ఐదవ అధ్యాయములో బేతెస్ద కోనేటియొద్ద ముప్పది ఎనిమిది ఏండ్లనుండి పడియున్న రోగి కలడు. వైద్యము దూరమున లేదు. కన్నుల ఎదుటనే యున్నది. అతని ఫిర్యాదు ఒక్కటే, తనను నీటిలోనికి దించు మనుష్యుడు లేడని. మార్కు రెండవ అధ్యాయములోని పక్షవాయువుగలవానికి మాత్రము నలుగురు మనుష్యులు ఉండిరి. తలుపు దొరకకపోతే పైకప్పు విప్పిరి. ప్రభువు అక్కడ చూచినది వారి విశ్వాసమును అని వ్రాయబడినది. ఈ ఇద్దరు రోగులకు మధ్య నున్న తేడా ఆ నలుగురే.

మన ప్రాంతములలో కోనేరు ఉన్నదా? ఉన్నది, కాని చాలమందికి దాని దారి తెలియదు. పెద్ద ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులలో అనేకచోట్ల "పెయిన్ క్లినిక్" అను విభాగము నడచుచున్నది. దానిని సాధారణముగా ఆపరేషనులో మత్తు ఇచ్చు వైద్యులు నడుపుదురు. అందుచేతనే ఎముకల విభాగములోను, సాధారణ విభాగములోను తిరుగువారికి దాని జాడ తెలియదు. వారములో కొన్ని దినములే తెరచుట వాడుక గనుక ముందుగా విచారించి పోవలెను. అక్కడ మాత్రలు మాత్రమే గాక, వ్యాయామము, నరముల దగ్గర ఇచ్చు సూదులు, మనస్సుకు ధైర్యము చెప్పు మాటలు, ఇవన్నియు కలిపి చూచెదరు.

క్యాన్సరు వంటి తీవ్ర వ్యాధులలోని నొప్పికి ఉపశమన వైద్యము వేరుగా కలదు. మన దేశములో 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము వలన ఆసుపత్రులు మార్ఫిను ఉంచుటకే భయపడెను. వేదనలో నున్న ఎందరో అది అందకయే కన్నుమూసిరి. 2014లో ఆ చట్టమును సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దానిని ఇచ్చుటకు దారి సులువు చేసిరి. వైద్యుని చేతిలో తగిన కొలతలో ఆ మందు క్యాన్సరు రోగికి కృపయే. నడుము నొప్పివంటి వాటికి అది సాధారణముగా మొదటి మందు కాదు. అందుచేత ఎవరికి ఏది తగునో వైద్యుడే నిర్ణయించవలెను. బెంగుళూరులో కరుణాశ్రయము, హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి, ముంబయిలో టాటా స్మారక ఆసుపత్రి, వేలూరులో క్రైస్తవ వైద్యకళాశాల, వీటియందు ఉపశమన వైద్యము జరుగుచున్నది.

ఇరుగుపొరుగువారు ఏమి చేయగలరో కేరళవారు చూపిరి. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాలలో మత్తు వైద్యుడైన డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్ గారు తన తోటివారితో కలిసి ఒక చిన్న ఉపశమన కేంద్రము ఆరంభించిరి. అది ఆసుపత్రి గోడలలో నిలువలేదు. ఊరివారు, విద్యార్థులు, గృహిణులు నేర్చుకొని రోగుల యిండ్లకు పోసాగిరి. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే ఉపశమన వైద్యమునకు ఒక విధానమును ప్రకటించెను. డాక్టర్లు కానివారు డాక్టర్లకు చేతులైరి. ఆ పనికి మన సంఘములకంటె తగిన సమూహము ఏది?

డబ్బు సంగతి కూడ మాటలాడవలెను. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ భీమా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చునకే. బయటి రోగిగా పోయి చూపించుకొనుటకు అది వర్తించదు. నొప్పి వైద్యము చాలవరకు బయటి రోగిగానే జరుగును. మన పూర్వుల ఊరిలోని ఆరోగ్యశ్రీ అక్కడి నివాసులకే గాని ఇక్కడ స్థిరపడిన మనకు కాదు. అందుచేత మనము నివసించు రాష్ట్రములోని కార్డు, చిరునామా సరిగా ఉండునట్లు చూచుకొనవలెను. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు గలవారికి కేంద్ర కార్మిక శాఖవారి వైద్యశాలలు కలవు. ఈ సంగతి తెలియనివారు మన సంఘములలో ఎందరో ఉన్నారు.

అవిశ్వాసమా?

నొప్పికి మందు పుచ్చుకొనుట అవిశ్వాసమని కొందరు నేర్పుచున్నారు. హిజ్కియాకు ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్ద కట్టుమనెను (యెషయా 38:21). పౌలు తిమోతి కడుపు జబ్బునకు ఏమి పుచ్చుకొనవలెనో వ్రాసెను (1 తిమోతి 5:23). మంచి సమరయుడు ప్రార్థన చేసి పోలేదు. నూనెయు ద్రాక్షారసమును పోసి కట్లు కట్టెను. ప్రభువు సిలువయొద్ద చేదు కలిపిన పానీయమును నిరాకరించెను గదా అని కొందరందురు. ఆయన మన పాపములకై ఆ పాత్రను పూర్తిగా త్రాగుటకు నిరాకరించెను. మనము కూడ నిరాకరింపవలెనని ఎక్కడను ఆజ్ఞాపింపలేదు.

అయితే మరియొక సత్యము కూడ చెప్పవలెను. పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని మూడుసార్లు వేడుకొనెను. అది తొలగలేదు, దానితో నిలుచుటకు కృప దొరకెను. నొప్పి వైద్యులు కూడ నిజాయితీగా ఇదే చెప్పెదరు. నొప్పిని పూర్తిగా తీసివేయుదుమని వారు మాట యివ్వరు. నిద్ర, నడక, పని, సంతోషము మరల కొంతైనను వచ్చునట్లు చేయుదుమందురు. పూర్తిగా మాయము చేయుదుమని మాట యిచ్చువారిని, వారు మందుల దుకాణములో నున్నను ప్రసంగ పీఠముమీద నున్నను, జాగ్రత్తగా పరీక్షించుడి.

ఆ సహోదరికి ఏమి జరిగెను?

మన సంఘములలో నర్సుగా పనిచేయు ఒక యువతి పెయిన్ క్లినిక్కు సంగతి చెప్పెను. స్త్రీల సమాజమువారు ముందు రాత్రి ఆమె యింట కూర్చుండి, ఆమె చెప్పినది చెప్పినట్లు ఒక కాగితముమీద వ్రాసిరి. ఎప్పుడు మంట, ఎప్పుడు తీపు, ఏ మాత్రలు, ఎన్నాళ్లు, మూత్రపు ఇబ్బంది, అన్నియు. మరాఠీ బాగుగా వచ్చిన ఒక పెద్దమ్మ వెంట పోయెను; మనుమడు బడికి పోయెను. ఆ డాక్టరు కాగితమంతయు చదివించుకొని, మరల ప్రశ్నలడిగి, వ్రాసికొనెను. మూత్రపు సంగతి వినగానే ఆలస్యము చేయక మరల పరీక్ష చేయించెను. బయటికి వచ్చి ఆమె ఏడ్చెను. ఎందుకమ్మా అని అడిగితే, "నేను చెప్పింది రాసుకున్నడు" అనెను. అంతే ఆమె సాక్ష్యము.

కథ అక్కడ ముగియలేదు. ఇచ్చిన మాత్రలలో ఒకటి మనోవ్యాధికి ఇచ్చునదని ఎవరో చెప్పగా, "నాకు పిచ్చి అనుకున్నరా" అని ఆమె మానివేసెను. కొన్ని మందులు తక్కువ మోతాదులో నరముల మంటను తగ్గించుననియు, ఫలము కనబడుటకు కొన్ని వారములు పట్టుననియు నర్సు చెల్లి ఓపికగా వివరించి, మరల డాక్టరుయొద్దకు తీసికొనిపోయెను. వెంటపోవువారు ఒక్కసారి పోయి వచ్చుట చాలదు. నలుగురు మోసినవారు మంచము నడిదారిలో దించివేయలేదు గదా.

ఆమెకు నొప్పి ఇంకను ఉన్నది. అయితే రాత్రి నాలుగైదు గంటలు నిద్రించుచున్నది. అరగంట కూర్చుండగలదు. మందిరములో తలుపు ప్రక్కన వీపు ఆనించుకొను కుర్చీ ఒకటి వేసితిమి. కావలసినప్పుడు లేచి తిరుగవచ్చునని సంఘమంతటికి చెప్పితిమి. నేను పీఠముమీద అన్న మాటకు పీఠముమీదనే క్షమాపణ అడిగితిని. అక్కడ చేసిన గాయమునకు ఇంటిలో కట్టు కట్టిన చాలదని నాకు తోచెను.

మనము చేయవలసినది

ప్రియులారా, ప్రతి సంఘములోను ఈ నాలుగు పనులు ఆరంభింపుడని బ్రతిమాలుచున్నాను. మొదటిది, దీర్ఘకాల నొప్పి గలవారి పేర్లు విజ్ఞాపన పట్టికలోనుండి తీసివేయకుడి. నెలకొకసారి ఇంటికి పోయి వినుడి. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే. నోరు తెరచినప్పుడే తప్పిరి. రెండవది, దగ్గర ఏ ఆసుపత్రిలో పెయిన్ క్లినిక్కు గాని ఉపశమన విభాగము గాని ఉన్నదో, ఏ దినములలో తెరచునో విచారించి మందిరపు గోడమీద వ్రాసి పెట్టుడి. మూడవది, ఆ రాష్ట్ర భాష బాగుగా వచ్చిన ఇద్దరు పెద్దవారిని, ఒక పురుషుని ఒక స్త్రీని, రోగులతో పోవుటకు ఏర్పరచుడి. పసిపిల్లలమీద ఆ భారము పెట్టకుడి. నాలుగవది, చెప్పవలసినదంతయు ముందుగా రోగి మాటలతోనే వ్రాసి పంపుడి.

నొప్పితో ఇది చదువుచున్న సహోదరీ, సహోదరుడా, నీ నొప్పి నీ అవిశ్వాసమునకు గురుతు కాదు. నిన్ను ఎవరును నమ్మకపోయినను, త్రోవలో ఆగి నీ సంగతి యంతయు వినువాడు ఒకడున్నాడు. ఆయన సంఘమైన మేము ఆలస్యముగా నేర్చుకొనుచున్నాము. మమ్మును క్షమించి, మాకు చెప్పుము.

ప్రార్థన: కనికరముగల ప్రభువా, త్వరపడు దారిలో ఆగిన నీవు మాకును ఆగుట నేర్పుము. మా వీధులలో వేదనపడువారి మాట వినునట్లు మా చెవులను, వారిని మోసికొని పోవునట్లు మా భుజములను సిద్ధపరచుము. రోగులను చూచు వైద్యులకును నర్సులకును ఓపికయు జ్ఞానమును దయచేయుము. ఈ రాత్రి నిద్రపట్టని ప్రతివారి ప్రక్కన నీవే కూర్చుండుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.